సముద్రపు నీటిని చెడగొట్టే మాట

సకల స్తోత్రాలు సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన మానవుణ్ణి సృజించి, అతనికి రూపమిచ్చి, ఆ రూపాన్ని చక్కగా తీర్చిదిద్దాడు. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (స) పైనా, వారి కుటుంబీకులపైనా, ప్రియ సహచరులపైనా శాంతి, శుభాలు వర్షించుగాక!

 

ఈ శుక్రవారం ప్రస్తావించుకోబోయే విషయం మింబరు మీద నుండి తరచుగా వినిపించేది కాదు. మన ఇళ్లలోని 13 నుండి 19 ఏళ్ల పిల్లలు రాత్రివేళ దీపాలు ఆర్పిన తరువాత, దుప్పటి కింద ఫోను వెలుగులో ఒకరికొకరు పంపుకునే సందేశాలను గురించి కొన్ని మాటలు చెప్పదలిచాము. వాటిలో చదువు ఉంటుంది, క్రికెట్ ఉంటుంది, పరిహాసం ఉంటుంది. వీటన్నిటి నడుమ పెద్దల చెవిన పడని మరొక సంభాషణ కూడా నడుస్తూ ఉంటుంది. అది వారి శరీరాలను గురించినది: ఎవరు లావు, ఎవరు బక్క, ఎవరి రంగు ఎంత, ఎవరి ముఖాన మొటిమలు ఎన్ని, ఎవరికి ఇంకా మీసకట్టు రాలేదు, హిజాబులో ఎవరి ముఖం బాగుంటుంది, ఎవరిది బాగుండదు.

మేము ఎవరి ఫోనూ తెరచి చూడలేదు. ఇక్కడ చెప్పబోయేది పిల్లలు తాముగా వచ్చి మాతో చెప్పుకున్నదే, వారి తల్లిదండ్రులు ఆందోళనతో మమ్మల్ని అడిగినదే. ఎవరినీ గుర్తుపట్టే వీలు లేకుండా సారాంశాన్ని మాత్రమే మీ ముందు ఉంచుతున్నాము. ఆ మాటలు మూడు విధాలు. మొదటిది, ఎదుట లేని మనిషి రూపాన్ని గురించి ఇద్దరు చెప్పుకునేది. రెండవది, గ్రూపులో పదిమంది కలిసి ఒకరి రూపాన్ని చూసి నవ్వేది. మూడవది, తన రూపాన్ని గురించి తానే రాసుకునేది. ఈ మూడింటికీ దైవప్రవక్త (స) జీవితంలో మూడు సంఘటనలు కనిపిస్తాయి. వాటిని శ్రద్ధగా పరిశీలిస్తే మన పిల్లలకు ఏమి చెప్పాలో, మనం ఏమి మానుకోవాలో తేటపడుతుంది.

ఎదుట లేని మనిషిని గురించి

హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖనం ఒకటి అబూదావూద్, తిర్మిజీ గ్రంథాల్లో ఉంది. ఒకనాడు ఆమె దైవప్రవక్త (స)తో మాట్లాడుతూ, తన సవతి హజ్రత్ సఫియ్యా (రజి) పొట్టితనాన్ని సూచించే మాట ఒకటి అన్నారు. తిర్మిజీ ఉల్లేఖనం ప్రకారం ఆ పొట్టితనాన్ని నోటితో అనకుండా చేతి సైగతో చూపారు. అందుకు దైవప్రవక్త (స), ఆమె పలికిన ఆ మాటను సముద్రపు నీటిలో కలిపితే ఆ నీటినే చెడగొట్టగలదని హెచ్చరించారు.

సోదరులారా! ఆ మాట పలికిన చోటును గమనించండి. అది బజారు కాదు, సభ కాదు. ఇంటి లోపల, భార్యాభర్తలిద్దరి మధ్య జరిగిన సంభాషణ. సఫియ్యా (రజి) ఆ మాట వినలేదు. చెప్పినది అబద్ధమూ కాదు. అయినా దాని కాలుష్యానికి సముద్రం చాలలేదు. "మేమిద్దరమే కదా మాట్లాడుకున్నది, ఆమెకు తెలియదు కదా, ఉన్న మాటే కదా" అని మన పిల్లలు చెప్పే మూడు సాకులకూ ఇక్కడే జవాబు దొరుకుతోంది. గీబత్ అంటే ఏమిటో వివరిస్తూ దైవప్రవక్త (స), చెప్పిన లోపం ఆ మనిషిలో నిజంగా ఉంటేనే అది గీబత్ అని, లేకపోతే అది అపనింద అని బోధించారు (సహీహ్ ముస్లిం). నిజం కావడం అక్కడ సమర్థన కానే కాదు.

ఇక ఆ చేతి సైగ సంగతి. నేటి సందేశాల్లో అక్షరం రాయనక్కరలేదు. ఒక అమ్మాయి ఫోటో కింద ఏనుగు బొమ్మ పెడతారు. ఒక అబ్బాయి పేరు పక్కన నల్లచుక్క పెడతారు. అడిగితే "మేమేమీ అనలేదే" అంటారు. సైగను కూడా మాటగా లెక్కించిన ధర్మంలో బొమ్మ లెక్కలోకి రాకుండా పోదు. అదే ఉల్లేఖనంలో మరొక అంశం కూడా ఉంది. ఆయిషా (రజి) ఒక మనిషిని అనుకరించి చూపగా, ఎంత సంపద ఇచ్చినా ఒకరిని అలా అనుకరించడం తనకు ఇష్టం లేదని దైవప్రవక్త (స) అన్నారు. తోటి విద్యార్థి నోరు తెరచి తింటున్నప్పుడో, తరగతిలో కునుకు తీస్తున్నప్పుడో ఫోటో తీసి, దానిని స్టిక్కరుగా మార్చి పంచుకునే పిల్లలు ఈ మాటను గుర్తుంచుకోవాలి.

ఈ సంఘటన మనకు ఎలా తెలిసింది? ఆయిషా (రజి) స్వయంగా చెప్పారు కాబట్టి తెలిసింది. ఇద్దరి మధ్య సమసిపోయిన తన పొరపాటును ఆమె దాచలేదు, ఉమ్మతు నేర్చుకోవాలని వెల్లడించారు. ఆ మాతృమూర్తి ముందు మా స్థాయి ఏపాటిది? కనుక మేము కూడా ఒక సంగతి ఒప్పుకోవలసి ఉంది.

చాలా ఏళ్ల క్రితం మా వద్ద ఖుర్ఆన్ చదువుకునే పిల్లల్లో ఒకడు కొంచెం లావుగా ఉండేవాడు. అదే పేరు గల పిల్లలు తరగతిలో మరో ఇద్దరు ఉండడంతో, గుర్తు కోసమని మేము అతణ్ణి "మోటూ" అని పిలిచాము. ముద్దుగానే పిలుస్తున్నామనుకున్నాము. పిల్లలంతా ఆ పేరే పట్టుకున్నారు. పెరిగి పెద్దవాడై అతడు తన పెళ్లి పత్రిక ఇవ్వడానికి మా ఇంటికి వచ్చాడు. "హజ్రత్, పత్రిక మీద నా పేరు చూసి ఇదెవరని అడిగినవాళ్లు మా వీధిలో ఉన్నారు. వాళ్లకు మోటూ అని చెబితేనే తెలిసింది" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వు మాకు ఈనాటికీ గుచ్చుకుంటుంది. ఒకరినొకరు ఎగతాళి చేసుకోవద్దని, చెడ్డ పేర్లతో పిలుచుకోవద్దని ఆజ్ఞాపించే హుజురాత్ సూరా 11వ ఆయతును అదే తరగతిలో మేమే బోధించాము! ఆ రోజు అతణ్ణి క్షమాపణ కోరాము, అతడు క్షమించాడు. కాని వీధిలోకి వెళ్లిన పేరును వెనక్కి పిలిచే శక్తి మాకు లేదు. నాడు అది ఒక వీధికి పరిమితమైంది. నేడు గ్రూపులో పెట్టిన పేరు తెల్లవారేసరికి బడి అంతా పాకుతుంది.

గ్రూపులో నవ్వు

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) సన్నని పిక్కలు గల మనిషి. ఒకసారి ఆయన మిస్వాకు కోసం అరాకు చెట్టెక్కారు. గాలి వీచి ఆయన ఊగిపోయారు. కాళ్ల సన్నదనం చూసి కింద ఉన్నవారు నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారని దైవప్రవక్త (స) అడిగారు. ఆయన పిక్కల సన్నదనం చూసి నవ్వు వచ్చిందన్నారు. అప్పుడు దైవప్రవక్త (స) అల్లాహ్‌పై ప్రమాణం చేసి, త్రాసులో ఆ కాళ్లు ఉహుద్ కొండకన్నా బరువైనవని ప్రకటించారు (ముస్నదె అహ్మద్).

నవ్వినవారు శత్రువులు కారు. ఆయనతో కలిసి నమాజు చేసేవారు, ఆయనను ప్రేమించేవారు. మన పిల్లల గ్రూపుల్లో జరిగేది కూడా ఇదే. అక్కడ నవ్వేవారు స్నేహితులే, నవ్వులపాలయ్యేవాడు కూడా నవ్వు బొమ్మ పెట్టి తానూ కలిసిపోతాడు. కలవకపోతే "ఇంత చిన్నదానికే ఫీలవుతావా" అని మరొక మాట పడాలి. అందుచేత ఆ నవ్వు బొమ్మను సమ్మతిగా భావించకూడదు. బక్కోడా, నల్లోడా, పొట్టోడా అన్న పిలుపుకు పలికినంత మాత్రాన ఆ పిలుపు అతనికి ఇష్టమని అర్థం కాదు.

దైవప్రవక్త (స) అక్కడ మౌనంగా ఉండలేదు, నవ్వినవారిని తిట్టనూ లేదు. ముందు కారణం అడిగారు. తరువాత వారి చేతిలోని త్రాసును మార్చారు. మీరు కాళ్లను కళ్లతో తూచారు, అల్లాహ్ వద్ద తూకం వేరు అని తెలియజేశారు. ఆ సన్నని కాళ్ల మనిషే ఉమ్మతులో గొప్ప ఖుర్ఆన్ పండితుడయ్యాడు. ఎవరి వద్ద ఖుర్ఆన్ నేర్చుకోవాలో చెబుతూ దైవప్రవక్త (స) పేర్కొన్న నలుగురిలో మొదటి పేరు ఆయనదే (సహీహ్ బుఖారీ).

యువకులారా! గ్రూపులో ఇరవై మంది ఉంటే నవ్వేది నలుగురే. మిగిలిన పదహారు మంది చదివి ఊరుకుంటారు. ఆ పదహారు మందికే మేము చెబుతున్నాము. తన సోదరుని గౌరవాన్ని కాపాడిన వ్యక్తి ముఖాన్ని ప్రళయదినాన అల్లాహ్ నరకాగ్ని నుండి కాపాడతాడని తిర్మిజీ హదీసు తెలుపుతోంది. పెద్ద ఉపన్యాసం అక్కరలేదు. "వద్దు, వదిలేయండిరా" అని ఒక్క వాక్యం రాస్తే చాలు. ఆ తరువాత, ఆ మాట పడినవాడికి విడిగా ఒక పలకరింపు పంపండి. ఆ రాత్రి అతడు మేలుకునే ఉంటాడు.

స్క్రీన్‌షాట్లను గురించి కూడా ఒక మాట. ఒకరు తన బాధను నమ్మకంతో మీకు రాస్తే అది మీ వద్ద అమానత్. మాట చెబుతూ ఒక వ్యక్తి అటూ ఇటూ చూశాడంటే ఆ మాట అమానత్ అయినట్టేనని హదీసు (అబూదావూద్, తిర్మిజీ). ఎవరికీ చూపవద్దని చెప్పి ఒకమ్మాయి తన ఫోటో పంపితే, అది అటూ ఇటూ చూసి చెప్పిన మాటతో సమానం. దానిని మరొకరికి పంపినవాడు అమానత్‌లో ద్రోహం చేసినవాడే. 18 ఏళ్లలోపు వారి అశ్లీల చిత్రాలను పంపడం, వ్యాపింపజేయడం మన దేశంలో ఐటీ చట్టం, 2012 నాటి పోక్సో చట్టం కింద నేరం కూడా.

తనను గురించి తాను

మూడవ సంఘటన జాహిర్ (రజి) అనే ఎడారివాసికి సంబంధించినది. ఆయన ఎడారి నుండి దైవప్రవక్త (స) కోసం కానుకలు తెచ్చేవారు. చూడడానికి అందగాడు కారు. ఒకరోజు ఆయన బజారులో తన సరుకు అమ్ముకుంటూ ఉండగా దైవప్రవక్త (స) వెనుక నుండి వచ్చి కౌగిలించుకున్నారు. ఎవరో తెలియక జాహిర్ విడిపించుకోబోయారు. తెలిసిన తరువాత తన వీపును ఆ పవిత్ర హృదయానికి మరింత ఆనించుకున్నారు. ఈ దాసుణ్ణి ఎవరు కొంటారని దైవప్రవక్త (స) చమత్కరించగా, నన్ను అమ్మితే మీకు వచ్చేదేమీ ఉండదని జాహిర్ జవాబిచ్చారు. అప్పుడు దైవప్రవక్త (స), అల్లాహ్ వద్ద నీవు చవక సరుకువు కావని, విలువైనవాడివని అన్నారు (షమాయిలె తిర్మిజీ, ముస్నదె అహ్మద్).

జాహిర్ (రజి) తనను గురించి అన్న ఆ మాటను మన పిల్లలు ప్రతిరాత్రీ వేరే మాటల్లో రాసుకుంటున్నారు. "ఈ ఫోటోలో నా ముఖం చూడు, ఎంత దరిద్రంగా ఉందో." "నన్నెవరు చేసుకుంటారులే." "అద్దం చూడాలంటేనే అసహ్యం." ఇవి రాసి, జవాబు కోసం ఫోను వంక చూస్తూ కూర్చుంటారు. పెద్దలు దీనిని సోకు అని కొట్టిపారేస్తారు. నిజానికి అది ఒక ప్రశ్న: నాకు విలువ ఉందా, లేదా? స్నేహితురాలు "లేదే, నువ్వు సూపర్" అని రాస్తే ఆ రాత్రికి సర్దుకుంటుంది, మరునాడు అదే ప్రశ్న తిరిగి వస్తుంది. మరికొందరు "నువ్వే అలా అంటే నేనేమనాలి, నా లావు చూడు" అని బదులిస్తారు. ఓదార్చాలనే అలా రాస్తారు. కాని చివరికి ఎవరు తమను తాము ఎక్కువగా అసహ్యించుకుంటారన్న పోటీగా అది మారిపోతుంది.

దైవప్రవక్త (స) జాహిర్‌తో నీవు అందగాడివే అని అనలేదు. అలా అని ఉంటే అది కౌగిలి ఇచ్చిన ప్రేమకు తగిన సత్యం అయ్యేది కాదు. నీ రూపంతో పనేమిటని మందలించనూ లేదు. ముందు కౌగిలించుకున్నారు, తరువాత కొలమానాన్ని మార్చారు. అల్లాహ్ మన రూపాలను, సంపదలను చూడడని, హృదయాలను, ఆచరణలను చూస్తాడని సహీహ్ ముస్లింలోని హదీసు బోధిస్తోంది. ఆ బోధనకు బజారులో కనిపించిన ఆచరణ రూపమే ఈ కౌగిలి. మీ స్నేహితుడు అలాంటి సందేశం పంపినప్పుడు మీరూ ఇదే క్రమం పాటించండి. ముందు దగ్గరకు తీసుకోండి: "ఏమైంది, ఎవరైనా ఏమైనా అన్నారా?" అని అడగండి. ఆ తరువాత అతనిలో మీరు నిజంగా చూసిన మంచిని చెప్పండి.

ఈ వయస్సు స్వభావాన్ని కూడా తెలుసుకోవాలి. సాధారణంగా ఆడపిల్లల్లో ఎదుగుదల మగపిల్లలకన్నా ఒకటి రెండేళ్లు ముందు మొదలవుతుంది. అందుకే ఏడు, ఎనిమిది తరగతుల్లో చాలామంది అమ్మాయిలు అబ్బాయిలకన్నా పొడుగ్గా కనిపిస్తారు. ఒక అబ్బాయికి 13 ఏళ్లకే గొంతు మారుతుంది, పక్కవాడికి మరో రెండేళ్లు పట్టవచ్చు. మొటిమలు హార్మోన్ల మార్పు వల్ల వచ్చేవి. ఇవేవీ లోపాలు కావు, అల్లాహ్ ఒక్కొక్కరికి నిర్ణయించిన గడువులు.

సంపదలోను, రూపంలోను తనకన్నా మిన్నగా ఉన్నవాణ్ణి చూసినప్పుడు తనకన్నా తక్కువ ఇవ్వబడినవాణ్ణి కూడా చూడమని దైవప్రవక్త (స) ఉపదేశించారు (బుఖారీ, ముస్లిం). ఫోను దీనికి పూర్తిగా విరుద్ధమైన పని చేస్తుంది. వెలుతురు సరిచేసి, ఫిల్టరు వేసి, యాభై ఫోటోల్లో ఏరిన ఒక్క ఫోటోను రాత్రంతా ఒకదాని వెనుక ఒకటిగా చూపుతుంది. 2021 సెప్టెంబరులో వాల్‌స్ట్రీట్ జర్నల్ పత్రిక ఫేస్‌బుక్ సంస్థ అంతర్గత పరిశోధనను బయటపెట్టింది. తమ శరీరం పట్ల బాధగా ఉన్నప్పుడు ఇన్‌స్టాగ్రామ్ ఆ బాధను మరింత పెంచిందని టీనేజీ బాలికల్లో 32 శాతం మంది చెప్పినట్లు అందులో ఉంది. పిల్లవాడి బలహీనత ఒక్కటే దీనికి కారణం కాదని పెద్దలు గ్రహించాలి.

ఆకలికి రోజా అని పేరు

ఇప్పుడు చెప్పబోయేది మమ్మల్ని ఎక్కువగా కలవరపెట్టిన విషయం. ఒక తల్లి తన కుమార్తె సోమ, గురువారాల నఫిల్ రోజాలను విడువకుండా పాటిస్తోందని ఎంతో సంతోషించేది. తరువాత రోజాలు వారానికి నాలుగయ్యాయి. ఇఫ్తారులో ఒక ఖర్జూరం, గ్లాసుడు నీళ్లు. ఒకనాడు పిల్ల కళ్లు తిరిగి పడిపోయింది. అప్పుడు తనే ఏడుస్తూ చెప్పింది: ముగ్గురు స్నేహితురాళ్లు ఒక గ్రూపు పెట్టుకుని, ప్రతి ఉదయం తమ బరువు అంకెను పంపుకుంటున్నారట. ఇంట్లో తినకుండా ఉండడానికి రోజాను మించిన సాకు దొరకలేదట.

ఆచరణలు సంకల్పాలపై ఆధారపడి ఉంటాయన్నది బుఖారీ గ్రంథంలోని మొట్టమొదటి హదీసు. రోజా వల్ల బరువు తగ్గితే తగ్గవచ్చు. కాని తన శరీరం మీది ద్వేషంతో దానిని ఆకలికి గురిచేసి, ఆ ఆకలికి ఆరాధన అని పేరు పెట్టడం వేరు. నిజమైన భక్తితోనే ప్రతిరోజూ ఉపవాసం ఉండబోయిన అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి)ను సైతం దైవప్రవక్త (స) వారించారు. నీ శరీరానికి నీపై హక్కు ఉందని చెప్పారు (సహీహ్ బుఖారీ). భక్తితో చేసినదానికే హద్దు ఉన్నప్పుడు ద్వేషంతో చేసేదానికి అనుమతి ఎక్కడిది? మగపిల్లలు కండల కోసం జిమ్ముల్లో వైద్యుని సలహా లేకుండా తీసుకునే పొడులకు, ఇంజెక్షన్లకు కూడా ఇదే హక్కు వర్తిస్తుంది.

తల్లులు కొన్ని సూచనలను గమనించాలి. తిన్న వెంటనే స్నానాల గదికి పోయి వాంతి చేసుకోవడం, జుట్టు విపరీతంగా రాలడం, ఎప్పుడూ చలిగా ఉందనడం, నెలసరి ఆగిపోవడం, అందరితో కలిసి భోంచేయడానికి తప్పించుకోవడం. ఇవి కనిపిస్తే దువా చేయండి, వైద్యుని వద్దకూ తీసుకువెళ్లండి. మనసు బాధకు కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ సహాయకేంద్రం ఉంది. 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. చికిత్స చేయించుకోవడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు.

పెద్దల బాధ్యత

ఇదంతా విన్న తల్లిదండ్రులకు ఇంటికి వెళ్లగానే పిల్లల ఫోను లాక్కుని చదవాలనిపించవచ్చు. కాస్త ఆగండి. హుజురాత్ సూరా 12వ ఆయతులో అల్లాహ్ అనుమానాలను, ఇతరుల గుట్టు ఆరా తీయడాన్ని, పరోక్ష నిందను ఒకేచోట వారించాడు. అదే సమయంలో ప్రతి ఒక్కరూ కాపరే, తన సంరక్షణలో ఉన్నవారిని గురించి జవాబు చెప్పుకోవలసినవారేనని దైవప్రవక్త (స) అన్నారు (బుఖారీ, ముస్లిం). ఈ రెండింటినీ కలిపి ఆచరించాలి. ఫోను ఇచ్చేటప్పుడే నియమాలు బాహాటంగా చెప్పండి: రాత్రి పది తరువాత అది హాల్లో ఉండాలి, అపరిచితులతో సంభాషణ ఉండకూడదు. ప్రాణాపాయం ఉందనిపిస్తే, ఎవరైనా బెదిరిస్తున్నారనిపిస్తే తప్పక జోక్యం చేసుకోండి. పిల్లల సహాయం కోసం 1098 నంబరు కూడా ఉంది. కాని దొంగచాటుగా చదివి, భోజనాల దగ్గర ఆ మాటలు ఎత్తి దెప్పితే పిల్లలు మాట్లాడడం మానరు, మీతో మాట్లాడడం మానుతారు.

అసలు ఆ పిల్లల సందేశాల్లోని మాటలు ఎక్కడ పుట్టాయి? పెళ్లిచూపుల నుండి తిరిగి వచ్చి "పిల్ల మంచిదే, కాని చామనఛాయ" అన్నది ఎవరు? పండుగకు వచ్చిన బంధువును "అయ్యో, ఇంత లావయ్యావేమిటి" అని పదిమందిలో పలకరించింది ఎవరు? అక్కాచెల్లెళ్లను పక్కపక్కన నిలబెట్టి రంగులు పోల్చింది ఎవరు? "ఫెయిర్ అండ్ లవ్లీ" క్రీము మన దేశంలో 1975 నుండి అమ్ముడవుతోంది. 2020లో దాని పేరులోంచి తెలుపును సూచించే మాట తీసేశారు. డబ్బా మీద మాట పోయింది, మన నాలుకల మీది నుండి ఇంకా పోలేదు. మనుషుల భాషల్లో, రంగుల్లో ఉన్న భేదాన్ని అల్లాహ్ తన సూచనల్లో ఒకటిగా పేర్కొన్నాడు (రూమ్ సూరా, 22). అల్లాహ్ సూచనను మనం లోపంగా లెక్కిస్తున్నాము. పిల్లలు మన నోటి నుండి విన్నదానినే రాత్రివేళ తమ ఫోనులో రాస్తున్నారు.

కనుక ఈ వారం ప్రతి ఇంట్లో ఒక పని చేద్దాం. రూపాన్ని బట్టి మనం ఎవరికి ఏ పేరు పెట్టామో గుర్తు చేసుకుందాం. ఆ వ్యక్తి సొంత పిల్లలే అయినా సరే, వారిని పిలిచి క్షమాపణ కోరుదాం. ఆ రోజు నుండి వారిని వారి అసలు పేరుతో పిలుద్దాం. యువకులారా, మీ గ్రూపుల్లోనూ ఇదే చేయండి. అందరికీ కనిపించకుండా తుడిచేసిన సందేశం ఎదుటివాడి తెర మీద నుండి పోతుంది. కాని మనిషి పలికే ప్రతి మాట దగ్గరా సిద్ధంగా ఉన్న పర్యవేక్షకుడు ఒకడున్నాడని ఖాఫ్ సూరా 18వ ఆయతు హెచ్చరిస్తోంది. అక్కడి రాతను తుడిచేది పశ్చాత్తాపమే.

ఓ అల్లాహ్! నీవు మా రూపాలను చక్కగా తీర్చినట్లే మా స్వభావాలను కూడా చక్కదిద్దు. మా నాలుకల వల్ల, మా వేళ్ల వల్ల గాయపడిన హృదయాలకు ఊరటనివ్వు. తమ శరీరాలను చూసి కుమిలిపోతున్న మా బిడ్డలకు, నీ వద్ద వారు విలువైనవారన్న నమ్మకాన్ని ప్రసాదించు. వారు మొదట మా వద్దకే వచ్చి చెప్పుకునేటట్లు మా ఇళ్లను మలచు. ఆమీన్, యా రబ్బల్ ఆలమీన్.